మరియంని పంపడం లేదు

ప్లేనో, టెక్సాస్
9-10-1983, ఆదివారం

వదినగారు ఖాసింబీ గారికి,

మీ వియ్యపురాలు హుస్సేన్‌బీ అస్సలాము అలైకుం చెప్పి రాయునది. ఇక్కడ మీ అబ్బాయి కరీముల్లా, మా అమ్మాయి షంషాద్, నెలా పదిహేను రోజుల మన మనవరాలు, నేను క్షేమం. అక్కడ మీరూ అన్నయ్యగారూ క్షేమమని తలుస్తాను. అన్నయ్యగారికి బీపీ మాత్రలు వేళకి ఇస్తున్నారా? గుంటూరులో వానలు పడ్డాయా? తెనాలిలో మా పరుపుల కొట్టు వైపు ఎవరైనా వెళ్తే, పైకప్పు కారుతోందేమో ఒకసారి చూసి రమ్మనండి.

మర్యాదలు అయిపోయాయి కాబట్టి ఇక అసలు సంగతికి వస్తాను.

మీ ఉత్తరం సోమవారం అందింది. నాలుగు పేజీలు. రెండు చోట్ల ఎర్ర సిరాతో కింద గీతలు కూడా గీశారు. తహసీల్దారు గారి భార్య కదా, అలవాటై ఉంటుంది. చదివి ఆరు రోజులు ఊరుకున్నాను. ఊరుకుంటే కోపం చల్లారుతుందని పెద్దలంటారు. నాది చల్లారలేదు. అంచేత ఈ ఉత్తరంలో ఎక్కడైనా కారం ఎక్కువైతే పక్కన మజ్జిగ పెట్టుకుని చదవండి.

మీరు అడిగినవి మూడు. పాపకి మీ అమ్మగారి పేరు మదీనాబీ అని పెట్టి, వెంటనే పాస్‌పోర్ట్ తీయించి, నవంబరు పన్నెండున హైదరాబాదు వస్తున్న జగదీష్ గారి దంపతుల చేతుల్లో పెట్టి మీ దగ్గరికి పంపాలి. తర్వాత షంషాద్‌ని పంపితే మీరు దర్గాలో నలభై రోజులు కూర్చోబెట్టి దానికి పట్టిన గాలి వదిలిస్తారు. గాలి వదలకపోతే మీ అబ్బాయికి ఇంకో పెళ్లి చేస్తారు, మన మతంలో నలుగురి దాకా ఒప్పుకుంటారు కదా అని చివర్లో రాశారు. ఎర్ర గీత అక్కడే ఉంది.

నా జవాబు ఇది. పాపని పంపను. షంషాద్‌నీ పంపను. నలుగురి సంగతంటారా, అందరినీ ఒక్కలా చూడగలిగితేనే అన్న షరతు కూడా ఆ పక్కనే ఉందని మీకు తెలుసు. ఒక్క పెళ్లానికి గుడ్డు ఉడకబెట్టి పెట్టమంటే గిన్నె మాడ్చిన మహానుభావుడు మీ అబ్బాయి. నలుగురికి ఏం చేస్తాడు పాపం! ముందు ఉన్న ఒక్కదాన్ని సరిగ్గా చూసుకోనివ్వండి.

ఎందుకు పంపనో మొత్తం రాస్తాను. ఇందులో నా తప్పులే ఎక్కువ ఉంటాయి. అవి చదివి మీరు నవ్వుకున్నా ఫర్వాలేదు, చివరిదాకా మాత్రం చదవండి.

నేను జులైలో ఇక్కడ దిగేసరికి షంషాద్ నిండు చూలాలు. మీకు తెలుసు కదా దాని సంగతి, నోరు మూతపడేది కాదు. ఎమ్మెస్సీ చదివే రోజుల్లో హాస్టల్లో కూడా ఐదు పూటలా నమాజు మానలేదు. నమాజులో ఉన్న కాసేపే నా నోటికి సెలవమ్మా అని నవ్వేది. ఆగస్టు ఇరవై అయిదున ఆడపిల్లని కన్నది. పేరు మీరే పెట్టాలని, మీరు రాసి పంపేదాకా ఆగుదామని మీ అబ్బాయి అన్నాడు. ఆస్పత్రి కాగితాల్లో 'బేబీ గర్ల్' అని రాసుకుని ఇంటికి తెచ్చుకున్నాం.

ఇక ఇంటికొచ్చాక నా రాజ్యం మొదలైంది. తెనాలి నుంచి మోసుకొచ్చిన కాయం తినిపించాను. వెల్లుల్లి కారం తప్ప ఇంకేం పెట్టలేదు. బాలింత ఒళ్లు నీరు పడుతుందని నీళ్లు కొలిచి ఇచ్చాను, పూటకి అరగ్లాసు. పాపకి సాంబ్రాణి పొగ వేస్తే గోడమీద గంట ఒకటి మోగి, అపార్ట్‌మెంట్ల వాళ్లందరూ బయటకు పరిగెత్తారు. ఆ రోజు మీ అబ్బాయి వాళ్లందరికీ సారీ చెప్పుకోలేక చచ్చాడు. దిష్టి తగలకుండా, గాలి సోకకుండా తల్లి దిండు కింద ఇనుము ఉండాలి కదా. వంటింట్లో చిన్న చాకు తీసి నేనే పెట్టాను.

దాని జానమాజు మడిచి అలమార పైఅరలో పెట్టేశాను. నలభై రోజులు మైల, నమాజు చాపా ముట్టకు, తస్బీ పూసలు కూడా ముట్టకు అన్నాను. మా అమ్మ నాకు అలాగే చెప్పింది, మీ అత్తగారు మీకూ అలాగే చెప్పి ఉంటుంది. ఇరవయ్యో రోజుకే తనకి శుద్ధి అయిందనీ, స్నానం చేసి నమాజు చదువుకుంటాననీ షంషాద్ అడిగింది. రెండు సార్లు అడిగింది. నలభయ్యో స్నానం అయ్యేదాకా కుదరదని కసిరాను.

అప్పటికే పిల్ల పిల్లలా లేదు వదినగారూ. మాట్లాడటం మానేసింది. పాప గుక్కపట్టి ఏడుస్తుంటే పక్కనే కూర్చుని గోడవైపు చూసేది. విన్నావా అంటే విన్నానమ్మా అనేది, లేచేది కాదు. స్నానాల గదిలో నీళ్లు వదిలి గంటసేపు బయటకు వచ్చేది కాదు. తలుపుకి చెవి ఆనిస్తే ఆ నీళ్ల చప్పుడు వెనకాల ఏడుపు వినపడేది. పాలసీసాలు కడిగినవే మళ్లీ మళ్లీ కడిగేది. ఈ పాపకి నేను పనికిరానమ్మా, ఎవరికైనా ఇచ్చేయండి అని మెల్లగా అనేది. నేను దానికి నోటికొచ్చినట్టు చెప్పాను. ఇంతమంది పొలాల్లో కని, మర్నాడు కూలికి పోలేదా అన్నాను. నీకొక్కదానికే వచ్చిందా పురుడు అన్నాను.

అంతకుముందే, పన్నెండో రోజు పొద్దున నేను దోసెలు పోస్తుంటే వంటింట్లోకి వచ్చింది. దిండు కింది చాకు తెచ్చి నా చేతిలో పెట్టింది. అమ్మా, ఇది నా దగ్గర ఉంచొద్దు, నా మీద నాకే భయంగా ఉంది అన్నది. నేను పుట్టకుండా ఉంటే బాగుండేది, అసలు నన్నెవరూ ఎరగకుండా ఉంటే బాగుండేది అని కూడా అన్నది.

ఏం చేశానో చెప్పనా? చెంపమీద ఒకటి కొట్టాను. అల్లా ఇచ్చిన ప్రాణాన్ని తిట్టుకుంటావా, ఇది కుఫ్రు, అల్లానే కాదనడం, తోబా తోబా అని అరిచాను. దాన్ని నా దగ్గరికి తీసుకోవాల్సిన క్షణంలో కొట్టాను. అది ఏడవను కూడా లేదు. వెళ్లి మళ్లీ గోడవైపు కూర్చుంది. చాకు మాత్రం ఆ రోజు నుంచి నా పెట్టెలో తాళం వేసి ఉంచాను. ఆ ఒక్క పని సరిగ్గా చేశాను.

ఇప్పుడు ఇంకో సంగతి ఒప్పుకోవాలి. మీ కోడలికి గాలి సోకిందనీ, పాపని ముట్టుకోవడం లేదనీ, ఏం చేయమంటారో చెప్పమనీ కరీముల్లా మీకు రాసిన ఉత్తరం ఉంది చూడండి. చేతిరాత మీ అబ్బాయిదే. మాటలన్నీ నావి. ఆ రోజు మధ్యాహ్నం కూర్చోబెట్టి నేనే చెప్పి రాయించాను. 'గాలి' అన్న మాట రాయడానికి అతను జంకాడు. నేనే రాయించాను. కాబట్టి అది కొడుకు మాటే అని నమ్మి మీరు రాసిన నాలుగు పేజీలకీ మూలం నేను. ఆ మాట నాది కనుక నేనే వెనక్కి తీసుకుంటున్నాను.

బక్రీదు వచ్చింది. షంషాద్‌కి ఇరవై నాలుగో రోజు. ఇక్కడ మసీదంటే ఒక అద్దె ఇల్లు, పండక్కి అందులో పట్టరు. అందుకని ఒక స్కూల్లో పిల్లలు బంతాట ఆడుకునే పెద్ద హాలు అద్దెకు తీసుకున్నారు. మీ అబ్బాయి అందరం వెళ్దామన్నాడు. వెళ్లాం. హాలు దగ్గరకు వచ్చాక నేను షంషాద్‌ని దిగనివ్వలేదు. నలభై నిండని బాలింతవి, నమాజు జరిగే చోట అడుగు పెట్టకూడదు, కార్లోనే కూర్చో అన్నాను. చెట్టు నీడన కారు ఆపి, అద్దాలు దింపి, పాపని ఒళ్లో పెట్టి వెళ్లాం.

నమాజు అయ్యి ఒకరినొకరు కావలించుకుంటుండగా, ఒక నల్లజాతి అమెరికా ఆవిడ నా దగ్గరకు వచ్చింది. పొడుగ్గా ఉంటుంది, తలకి తెల్లటి గుడ్డ చుట్టుకుంది. పేరు హలీమా. ఏడేళ్ల కిందట ఇస్లాం తీసుకుందట, ఆస్పత్రిలో నర్సు. బయట కార్లో ఏడుస్తున్న అమ్మాయి మీదేనా అని అడిగింది. నాకు ఇంగ్లీషు రాదు కదా, మీ అబ్బాయి మధ్యలో నిలబడి చెప్పాడు. అవునన్నాను. ఎందుకు లోపలికి రాలేదని అడిగింది. నలభై రోజులు అన్నాను, వేళ్లు చూపించి. శుద్ధి అయిందా అని అడిగింది. అయింది, నాలుగు రోజులైంది అన్నాను.

ఆవిడ నావైపు చూసిన చూపు మీకెలా చెప్పను! ఎవరు చెప్పారు మదర్, ఎవరు చెప్పారు, అని మూడుసార్లు అడిగింది. నలభై దాటితే ఇక స్నానం చేసి నమాజు మొదలుపెట్టాలని పెద్దలు గీత గీశారట. శుద్ధి ముందే అయితే ఆ రోజే మొదలట. శుద్ధి కాకపోయినా సరే నోటితో అల్లాని తలుచుకోవడానికీ, తస్బీ తిప్పడానికీ, దువా చేయడానికీ అడ్డే లేదట. పండగ రోజున శుద్ధి కాని ఆడవాళ్లు కూడా వచ్చి ఒక పక్కన కూర్చుని ఆ సంతోషంలో కలవాలని మన ప్రవక్తగారే చెప్పారట. నేను నమ్మలేదు. ఇదెక్కడి విడ్డూరం, నిన్న గాక మొన్న కలిమా చదివిన ఆవిడ, ఏడు తరాల ముసల్మాన్ ఇంటిదాన్ని నాకు చెప్పడమేమిటి అనుకున్నాను. అక్కడే ఉన్న ఇమాం గారిని మీ అబ్బాయి చేత అడిగించాను. ఆయన ఈజిప్టు వాడు, ఇక్కడ ఏదో పెద్ద చదువు చదువుతున్నాడు. ఆవిడ చెప్పిందే నిజమన్నాడు. యాభై నాలుగేళ్లొచ్చాయి, నా మతం నాకు ఇంకొకరు పార్కింగ్‌లో నిలబెట్టి నేర్పాల్సి వచ్చింది.

హలీమా అప్పటికే కారు దగ్గరకు వెళ్లిపోయింది. నేను వెళ్లేసరికి కార్లో షంషాద్ పక్కన కూర్చుని పాపని ఎత్తుకుని ఉంది. మా పిల్ల ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడుస్తోంది. ఇన్నాళ్ల తర్వాత నోరు విప్పి, అన్నీ చెబుతోంది. చాకు సంగతి కూడా చెప్పేసింది. పుట్టకుండా ఉంటే బాగుండేదన్న మాట కూడా. అమ్మ కుఫ్రు అన్నది అని కూడా.

ఆ మాట వినగానే హలీమా నాకేసి తిరిగింది. చర్చిలో కూడా కొలిచే మరియం బీబీ నొప్పులు పడుతూ ఏమన్నదో ఖురాన్‌లో ఉంది, మదర్‌కి తెలుసా అని అడిగింది. షంషాదే ఏడుస్తూ ఏడుస్తూ నాకు తెలుగులో చెప్పింది. ఖర్జూరం చెట్టు మొదలు పట్టుకుని ఆ తల్లి, ఇంతకు ముందే చచ్చిపోయి ఉంటే బాగుండేది, ఎవరికీ గుర్తులేకుండా పోయి ఉంటే బాగుండేది అన్నదట. అంతటి పుణ్యవతి అన్నదట, వదినగారూ. మా పిల్ల నోట వచ్చింది అచ్చం అదే. అల్లా ఆవిణ్ని కొట్టలేదు, కుఫ్రు అనలేదు. బాధపడకు అన్నాడు. కాళ్ల దగ్గర నీళ్లు పుట్టించి, పండు రాల్చి, తిను, తాగు, కళ్లు చల్లబడనీ అన్నాడు.

నేను అరగ్లాసు కొలిచి ఇచ్చిన నీళ్లు గుర్తొచ్చాయి నాకు. ఆ సూరా నేను చిన్నప్పటి నుంచి అరబ్బీలో గడగడా చదువుతాను. బహుమతి కూడా తెచ్చుకున్నాను. అర్థం ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు.

ఆ రోజు ఇంటికి రాగానే అలమార పైఅర నుంచి జానమాజు నేనే తీసి ఇచ్చాను. షంషాద్ స్నానం చేసి నిలబడింది. ఇక అంతా సర్దుకుంటుందనుకున్నాను. సర్దుకోలేదు. సజ్దాలో నుదురు నేలకి ఆనించి లేవలేకపోయింది. అమ్మా, ఏమీ అనిపించడం లేదు, అల్లా కూడా నన్ను వదిలేశాడేమో అన్నది. నాకు మళ్లీ భయమేసింది. మీ అబ్బాయి హలీమాకి ఫోన్ చేశాడు. ఆవిడ ముక్కుసూటి మనిషి. కాలు విరిగితే నమాజు చదువుతారా, కట్టు కట్టించుకుంటారా అని అడిగిందట. రెండూ చేస్తాం అన్నాడట ఇతను. అయితే రెండూ చేయండి, గురువారం డాక్టర్ దగ్గరకు తీసుకెళ్తున్నాను, మీరు సెలవు పెట్టండి అన్నదట. తన రెండో కాన్పు తర్వాత తనే రెండు నెలలు ఆస్పత్రిలో ఉన్నానని అప్పుడు చెప్పింది. అప్పటికి ఇస్లాంలో లేదు, చర్చికి వెళ్లేది. అక్కడా దయ్యం పట్టిందనే అన్నారట. చూశారా, ఈ విషయంలో అన్ని మతాల అత్తగార్లూ ఒక్కటే.

డాక్టరు ఆడమనిషే. షంషాద్‌ని గంట కూర్చోబెట్టి అడిగింది. నన్ను కూడా అడిగింది. ఇది పురుడు తర్వాత కొందరికి వచ్చే జబ్బనీ, మనసుకి వస్తుందనీ, దీనికి మందుందనీ చెప్పింది. పిల్ల చెడ్డది కాదు, సోమరిది కాదు, దీని విశ్వాసానికేం లోటు లేదు అని కూడా చెప్పింది. ఆఖరి మాట డాక్టరు కాదు, హలీమా చెప్పింది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతుంటే షంషాద్ కలిపి చెప్పేసింది. మందు పనిచేయడానికి మూడు నాలుగు వారాలు పడుతుందన్నారు. ఒంటరిగా ఉంచొద్దన్నారు, నిద్రపోనివ్వమన్నారు. ఆ మందు వాడుతున్నన్నాళ్లు పాపకి డబ్బాపాలే అన్నారు. పొద్దుటి పాలు మీ అబ్బాయి పడుతున్నాడు. ఒళ్లంతా ఒలకబోసుకుంటాడు, అయినా పడుతున్నాడు.

నలభయ్యో రోజు సోమవారం వచ్చింది. ఆ రోజే మీ ఉత్తరం వచ్చింది, గోరుచుట్టు మీద రోకటిపోటులా. మీ అబ్బాయి చదివి మొహం పాలిపోయి నిలబడ్డాడు. పాపం, అతని పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. అమ్మ చెబితే కాదనడం అతనికి రాదు, మీరు అలా పెంచారు. తప్పు పట్టడం లేదు. పాస్‌పోర్ట్ ఫారం తెచ్చి బల్లమీద పెట్టుకున్నాడు. పేరు దగ్గర పెన్ను పెట్టి ఆగిపోయాడు.

షంషాద్ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. పంపేయండి, తీసుకెళ్లనివ్వండి అంటుందేమో అనుకున్నాను. నెలరోజులుగా అదే కదా అంటోంది. అది వచ్చి పెన్ను తీసుకుంది. మరియం, అని రాసింది. నాకింకా పాపని చూస్తే ఏమీ అనిపించని రోజులున్నాయి, అయినా ఇది నా పిల్ల, నేను బాగయ్యేదాకా నా ఎదురుగానే ఉండాలి అన్నది. నెల తర్వాత పాపని నాది అన్నది. నేను ఆ ఫారం అందుకుని నిలువునా చింపేశాను. మీ అబ్బాయి నన్ను ఆపలేదు. చెత్తబుట్ట తెచ్చి పట్టుకున్నాడు. అది నేను మరచిపోను.

మర్నాడు నేనే జగదీష్ గారింటికి వెళ్లాను, మా వెనక బ్లాకులోనే ఉంటారు. గవ్వలు చేసి పట్టుకెళ్లాను. పాప రావడం లేదమ్మా అని ఆవిడతో చెప్పాను. ఆవిడ హమ్మయ్య అన్నది. మూడు నెలలైనా నిండని పసిగుడ్డుని రెండు విమానాలు మార్చి ఎలా తీసుకెళ్లాలో తెలియక నిద్ర పట్టడం లేదట, మీ మాట కాదనలేక ఒప్పుకున్నారట.

మీరు రాశారు, ప్రవక్తగారినే పసితనంలో పల్లెకు పంపి పెంచారు కదా, ఇందులో తప్పేముంది అని. ఆ రోజుల్లో అక్కడి మంచిగాలి కోసం పంపుకునేవారు. ఆయన తల్లి ఆమినా బీబీకి పిచ్చిదని పేరు పెట్టి పంపలేదు. ఆ మాట మీద ఎర్ర గీత నేను గీస్తున్నాను.

డాక్టరు దగ్గర నుంచి వస్తుంటే దారిలో పత్తి చేలు కనపడ్డాయి. టెక్సాస్‌లో పత్తి! మనూళ్ల పత్తిలాగే ఉంది. మిషను ఏరుకుపోగా రోడ్డు పక్కన రాలిందంతా కారు ఆపించి సంచీలోకి ఏరాను. మీ అబ్బాయికి సిగ్గు, ఎవరైనా చూస్తారని. ఇంటికొచ్చి గింజలు తీసి, చేత్తోనే ఏకి, మరియంకి చిన్న పరుపు కుట్టాను. రెండో రోజు షంషాద్ వచ్చి పక్కన కూర్చుని గింజలు తీసింది. పావుగంట తీసి లేచిపోయింది. మొన్న అరగంట కూర్చుంది. మీరు పెద్దింటివారయ్యాక మరచిపోయి ఉండొచ్చు గానీ, మనం దూదేకులవాళ్లం వదినగారూ. గడ్డకట్టిన పరుపు ఇంటికొస్తే మన తాతలు పారేయమన్నారా? విప్పి ఎండేసి ఏకి ఇచ్చారు. నేనూ అదే చేస్తాను. ఎన్నాళ్లు పట్టినా చేస్తాను.

షంషాద్ ఇంకా పూర్తిగా తేరుకోలేదు. అబద్ధం రాయను. నిన్న బాగుంది, ఇవాళ పొద్దున మళ్లీ గోడవైపు కూర్చుంది. కానీ నిన్న పాప తుమ్మితే నవ్వింది. శుక్రవారం మసీదు ఇంట్లో ఆడవాళ్ల గదిలో నేనే లేచి మాట్లాడాను. తెలుగులో మాట్లాడాను, షంషాద్ ఇంగ్లీషులో చెప్పింది. నా కూతురికి ఇలా అయింది, నేను కొట్టాను, నీళ్లివ్వలేదు, కార్లో కూర్చోబెట్టాను, మీరెవరూ ఇలా చేయొద్దు అన్నాను. ఎవరో ఒకావిడ ఇంటి సంగతి నలుగురిలో చెప్పడం ఏం మర్యాద అన్నది. మర్యాద కోసం పిల్లని చంపుకోమంటావా అన్నాను. షంషాద్ ఆ మాట మెత్తగా మార్చి చెప్పబోయింది. ఉన్నదున్నట్టు చెప్పవే అన్నాను, చెప్పింది. బయటకు వచ్చాక ఇద్దరు ఆడవాళ్లు హలీమా ఫోన్ నంబరు అడిగి రాసుకున్నారు.

కాబట్టి మనవరాలి పేరు మరియం. ఇంట్లో మదీనా అని కూడా పిలుచుకుంటాం, మీ అమ్మగారు మంచి మనిషి, ఆవిడతో నాకేం తగువు లేదు. మనవరాలిని చూడాలని ఉంటే మీరు రండి. నేను జనవరిలో వెళ్తాను, నా తర్వాత షంషాద్ దగ్గర ఒక పెద్దదిక్కు కావాలి. వస్తే నెత్తిన పెట్టుకుంటాం. తాయెత్తు తెచ్చినా ఫర్వాలేదు, కట్టిద్దాం. మందు మాత్రం ఆపనివ్వను. చాకు మాత్రం తేకండి.

మీ అబ్బాయి ఈ ఉత్తరం కింద తను కూడా సంతకం పెడతానన్నాడు. నేనే వద్దన్నాను. మీకూ నాకూ మధ్య మాట ఇది, మనమే తేల్చుకుందాం. కోపం ఉంటే నా మీదే చూపించండి, పిల్లల మీద వద్దు.

అన్నయ్యగారికి నా సలాములు. జవాబు రాసినా, రాయకపోయినా, మీ మేలు కోరే

వియ్యపురాలు
నూర్‌బాషా హుస్సేన్‌బీ

తా.క. కవరు అంటించబోతూ మళ్లీ విప్పాను. మా మొదటివాడు మస్తాన్ రెండు నెలల పసివాడిగా జ్వరంతో పోయాడని పెళ్లిచూపుల నాడు మీతో చెప్పాను. జ్వరంతోనే పోయాడు, అది అబద్ధం కాదు. వాడు పుట్టినప్పుడు నాకు పదిహేడేళ్లు. షంషాద్ లాగే నేనూ గోడవైపు కూర్చున్నాను. గాలి సోకిందన్నారు. పిల్లాణ్ని రేపల్లెలో మా ఆడపడుచు ఇంటికి పంపి, నన్ను దర్గాలో నలభై రోజులు కూర్చోబెట్టారు. పంపమంటావా అని మా ఆయన నన్నొక మాట అడిగాడు. నేను తల ఊపాను. ఇరవై తొమ్మిదో రోజున వాడు పోయాడు. నలభై పూర్తి కావాలని నాకు చెప్పలేదు. ఇంటికి వస్తే ఉయ్యాల విప్పేసి ఉంది. ముప్పై ఏడేళ్లలో ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. ఇవాళ పొద్దున షంషాద్‌తో చెప్పాను. అది విని లేచింది. లోపలికి వెళ్లి, మరియంని తెచ్చి నా ఒళ్లో పడుకోబెట్టి, నాకు నిండుగా ఒక గ్లాసు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఒకసారి పంపాను, వదినగారూ. ఇంక పంపను.